రెండు తలుపుల మోటారు



బోధను ప్రాంతమున చెరకు పండించు ఒక వృద్ధ రైతు కొంతకాలము క్రిందట నన్నొక ప్రశ్న యడిగెను. ఆయన మనుమడు పట్నమున ఉద్యోగము చేయుచున్నాడు. నెలనెల కిస్తీ కట్టి, వేగముగా పోవు చిన్న కారొకటి కొనవలెనని అతని కోరిక. దానికి తలుపులు రెండే. ముందు ఇద్దరు సుఖముగా కూర్చుండవచ్చును; వెనుక చోటు పేరునకు మాత్రమే. కప్పు వెనుకకు వాలియుండును. వెల మాత్రము ఇంటిల్లిపాది కూర్చుండు నాలుగు తలుపుల కారు వెలకంటె నెక్కువ. "తక్కువ ఇనుముకు ఎక్కువ ధర ఏ అంగట్ల ఉన్నదయ్యా?" అని ఆ పెద్దమనిషి నన్నడిగెను. అక్కడ నున్నవారందరు నవ్విరి, నేనును నవ్వితిని. కాని యింటికి వచ్చి యోచింపగా అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదని తోచెను. దానికి సమాధానము మోటారు చరిత్రలో నున్నది. ఆ చరిత్రను ఈ పూట మీకు మనవి చేసెదను.

ఇట్టి కారును కూపే యందురు. ఈ మాట ఫ్రెంచి భాషలోనిది. కోయబడినది అని యర్థము. గుఱ్ఱపు బండ్ల కాలమున, ఎదురెదురుగా నలుగురు కూర్చుండు పెద్ద బండిలో ముందు సగమును తీసివేసి, ఇద్దరికి మాత్రమే చోటుంచి చేసిన బండికి ఆ పేరు వచ్చెను. రైలులో మొదటి తరగతియందు ఇద్దరికి మాత్రమే పడకలుండు చిన్న గదిని కూపే యందురని మీలో చాలమంది యెరుగుదురు. ఆ మాటయు ఈ మాటయు ఒకటే.

బండిని కోయుటవలన లాభమేమి? దీనిని మనకు చెప్పుటకు పాశ్చాత్య శాస్త్రజ్ఞు డక్కరలేదు. ఒకే జత యెడ్లు చెరకు నింపిన బండిని ఫ్యాక్టరీకి లాగునపు డెట్లు నడచును, ఖాళీ బండితో ఇంటికి మరలునపు డెట్లు నడచును? బరువు తగ్గినచో అదే బలము ఎక్కువ పని చేయును. అంతే కాదు, తేలిక బండి త్వరగా ఆగును, మలుపున చెప్పినట్లు వినును. వేగపు కారు అనగా పెద్ద ఇంజను గల కారని మన కుర్రవాండ్రు అనుకొందురు. నిజమునకు వేగపు కారు అనగా తేలికగా నుండి, చెప్పినట్లు వినునట్టి కారు.

ఈ సంగతి ఇంగ్లండులోని సామాన్యులకు మొదట తెలిపినది 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారు. బేబీ ఆస్టిన్ అని దానికి ముద్దుపేరు. దాని ఇంజను పరిమాణము 750 ఘన సెంటీమీటర్లకు మించదు. అనగా నేటి పెద్ద మోటారు సైకిలు ఇంజనంత. చిన్న సంసారముల కొరకు చేసిన ఆ బండిని యువకులు కొని, పై తొడుగు ఊడదీసి, తేలిక రేకుల తొడుగు వేసి పందెములలో నడిపిరి. చౌకయైన వేగపు కారునకు మూలసూత్రము నాడే యేర్పడెను: వేలకొలది అమ్ముడుపోవు సామాన్యపు బండి అవయవములను తీసికొని, వానికి వేరొక ఒడలు తొడుగుట.

ఈ సూత్రమును పెద్దయెత్తున నడిపినవారు అమెరికాలోని ఫోర్డు కంపెనీవారు. 1964 ఏప్రిలులో వారు మస్టాంగ్ అను కారును వెలువరించిరి. లోపల నున్నవి చాలవరకు వారి ఫాల్కన్ అను సామాన్యపు కుటుంబ కారు అవయవములే. పైన పొడుగు ముక్కు, పొట్టి తోక, రెండు తలుపులు. వెల 2,368 డాలర్లు. మొదటి పండ్రెండు నెలలలోనే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయెను. ఈ నాలుగు లక్షలు అను మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మన రైతు ప్రశ్నకు తాళపుచెవి దానియందే యున్నది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తి యయ్యెను. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమయ్యెను. 1937లో బోధనున చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. నీరు, రోడ్డు, మిల్లు—ఈ మూడును ఆరేండ్లలో కలిసివచ్చినవి. కాని కారు మాత్రము నవాబులకు, జాగీరుదారులకు, పెద్ద అధికారులకే గాని రైతు కలలోనికైనను రాలేదు. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము విదేశీ కార్ల దిగుమతిని అరికట్టి, ఇచ్చటనే భాగములు తయారుచేయువారికి మాత్రమే ప్రోత్సాహ మిచ్చెను. విదేశముల నుండి భాగములు తెచ్చి ఇచ్చట బిగించుచుండిన ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలు 1950ల మొదటి భాగముననే వెడలిపోయెను. కార్ల విషయమున ముఖ్యముగా మూడు కంపెనీలు నిలిచినవి: కలకత్తావైపు అంబాసడరు, బొంబాయిలో ఫియట్టు, మదరాసులో స్టాండర్డు.

ఆ మదరాసు కంపెనీవారు 1961లో తెచ్చిన స్టాండర్డ్ హెరాల్డును మీలో కొందరు చూచియుందురు. ఇటలీ దేశపు శిల్పి మికెలొట్టి దాని రూపమును గీచెను. ఇంగ్లండులో అది 1959లో వెలువడినపుడు కూపే రూపమునను వచ్చెను. మన దేశమున తయారైనది మామూలు కప్పుగల రెండు తలుపుల బండి. లోపలి 948 ఘన సెంటీమీటర్ల ఇంజను అంతకుముందున్న స్టాండర్డ్ టెన్ అను సాదా బండిలోనిదే. ముందరి మూతయంతయు ఒకే ముక్కగా ముందుకు లేచును గనుక మెకానిక్కు నిలుచుండియే ఇంజనుపై పని చేసికొనవచ్చును. 25 అడుగుల వలయములో పూర్తిగా తిరుగును. నిజామాబాదు బజారు సందులలో ఎడ్లబండి తిప్పలేని చోట అది తిరిగెడిది.

అయితే దానియందొక చిక్కును గలదు. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసుమీద గాక, నడుమ నుండి వేరువేరుగా ఊగు రెండు ఇరుసులమీద నుండెను. గతుకుల బాటలో ఒక చక్రము గుంటలో పడినను రెండవది కదలదు; అది మేలు. కాని వేగముగా మలుపు తిరుగుచు భయపడి ఒక్కసారిగా కాలు తీసినచో, వెలుపలి చక్రము లోనికి ముడుచుకొని బండి తోక జారును. అమెరికాలో 1959లో వచ్చిన షెవ్రొలే కార్వేరు అను కారునకును ఇట్టి ఏర్పాటే యుండెను. దానిని ఖండించుచు రాల్ఫ్ నేడరు 1965లో వ్రాసిన పుస్తకము ఆ దేశమున కార్ల భద్రతా చట్టములకు దారితీసెను. మన దేశమునందు ఆ ఊగు ఇరుసులు మెకానిక్కులకును డ్రైవర్లకును నచ్చలేదు. 1970లలో అదే కంపెనీ గెజల్ అను బండిలో మరల ఒకే ఇరుసును పెట్టెను. తలుపులను గూర్చియు అట్లే జరిగెను: 1960ల చివరి భాగమున హెరాల్డునకు నాలుగు తలుపులు వచ్చెను. అత్తమామలు, పిల్లలు, పెండ్లి ప్రయాణములు గల దేశమున వెనుక కూర్చుండువారు ముందు సీటు వంచి దూరవలెననిన ఎవరు సమ్మతింతురు?

తరువాత 1982లో బెంగుళూరులో డాల్ఫిన్ అను రెండు తలుపుల చిన్న కారు వచ్చెను. దాని ఒడలు ఇనుప రేకుది కాదు, ఫైబరు గ్లాసుది. తేలికగా నుండుటచే పందెగాండ్రకు అది ఇష్టమయ్యెను, గృహస్థులకు కాలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చెను. నాలుగు తలుపులు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను, చౌక వెల, ఊరూర మరమ్మతు. దాని ముందు డాల్ఫిన్ నిలువలేకపోయెను. వింత యేమనగా, పందెగాండ్రును మారుతినే ఎక్కి పందెములకు పోయిరి. 1990ల చివర గోవాలో శాన్ స్టార్మ్ అను రెండు సీట్ల కారు తయారయ్యెను. దాని ఒడలును ఫైబరు గ్లాసే. అదియు కొలదిమంది వేడుకగాండ్రకే పరిమితమయ్యెను.

ఈ రెండు కంపెనీలును ఫైబరు గ్లాసునే యేల కోరుకొనెను? ఇచ్చటనే మన రైతు ప్రశ్నకు సమాధానము. కారు వెలలో ఇనుము కొంచెమే. రేకును ఆ రూపమున వంచు ఉక్కు అచ్చుల ఖర్చు అపారము. పది బండ్ల చెరకు కొరకు మిల్లు నంతటిని నడిపినచో ఆ చక్కెర వెల యెంత పలుకునో యోచింపుడు. అచ్చు ఖర్చును నాలుగు లక్షల కార్లకు పంచినచో మస్టాంగ్ చౌకయగును; కొన్ని వందల కార్లకు పంచినచో ఏ చిన్న కూపేయైనను ప్రియమగును. అందుకే కొలది కార్లు చేయువారు చౌక అచ్చులతో సరిపోవు ఫైబరు గ్లాసును ఆశ్రయించిరి. దీనికితోడు మన పన్నులు. 2006 నుండి నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 ఘన సెంటీమీటర్లకు మించని పెట్రోలు ఇంజను గల కార్లకు పన్ను తక్కువ. పొడుగు ముక్కు, వాలు తోక గల కూపే ఆ కొలతలో ఇముడుట కష్టము. విదేశమునుండి తెప్పించినచో సుంకము భారము. అందువలన తక్కువ ఇనుమునకు ఎక్కువ ధర మన అంగడిలోనే యున్నది.

ఇక నా సొంత విషయ మొకటి చెప్పి, ఇట్టి బండిని ఎట్లు పరీక్షింపవలెనో మనవి చేసెదను. 1980లలో నేనును, మా చిన్నాన్న కుమారుడును కలిసి పాత రెండు తలుపుల కారొకటి కొంటిమి. చెరకు డబ్బు చేతికి వచ్చిన దినములు. ఇంజను విప్పించి బాగుచేయించితిమి, ఎఱ్ఱరంగు వేయించితిమి, మ్రోత హెచ్చుటకు పొగగొట్టము మార్పించితిమి. టైర్లు మాత్రము నున్నబడియుండెను. వచ్చే పంటకు మార్చెదమనుకొంటిమి. గానుగ కాలమున ఒక రాత్రి బోధను నుండి నిజామాబాదు వచ్చుచుంటిమి. తమ్ముడు నడుపుచుండెను. మలుపు తిరుగగానే ఎదుట దీపము లేని చెరకు బండి. బాటమీద చక్రముల కంటివచ్చిన రేగడి బురద, చెరకు ఆకు. బ్రేకు పట్టెను, చక్రములు నిలిచెను, కారు మాత్రము నిలువలేదు. తుమ్మచెట్టునకు కొట్టుకొంటిమి. నాకు గీతలు పడెను. తమ్ముని కుడికాలు విరిగెను. నేటికిని అతడు కుంటుచునే నడచుచున్నాడు. వైద్యమునకు చిన్నాన్న ఒక ఎకరము తరి పొలము అమ్మెను. కారు చేసినవారి తప్పు కాదు. బండివానిది మాత్రమే కాదు. లెక్క తప్పినవారము మేమే. ఆ రంగు ఖర్చుతో టైర్లు వచ్చెడివి.

కావున ఎద్దును కొనునపుడు మీరు గంగడోలు చూచి మురియక, పండ్లు చూచి, గిట్టలు చూచి, నాగలికి కట్టి చూచునట్లే ఈ కారునుగూడ చూడవలెను. మొదట టైర్లు, బ్రేకులు. వేగముగా పోవుటకంటె వేగముగా ఆగుట ముఖ్యము. రెండవది, నేలకును అడుగుభాగమునకును గల యెత్తు. ఊరి స్పీడుబ్రేకరు మీద కడుపు గీచుకొను బండి మనకు పనికిరాదు. మూడవది, విడిభాగములు నిజామాబాదులో దొరకునా, మన మెకానిక్కు చేతికి లొంగునా? నాలుగవది, బరువు; ఇంజను బలమును బరువుతో పోల్చి చూడవలెను గాని విడిగా గాదు. అయిదవది, కిస్తీతోపాటు భీమా, టైర్లు, మరమ్మతు కలిపి లెక్కవేయుట. ఈ అయిదింటను నిలువనిచో అది పైన పటారము, లోన లొటారమే.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని మనము చెప్పుదుము. కుర్రవాండ్రకు ఈ సామెత రుచింపదు. వేగమునందు ఆనందము లేదని వారితో వాదింపకుడు. అది నిజము కాదు, వారు నమ్మరు. ఆ ఆనందమునకు చోటు వేరని చెప్పుడు. మదరాసు దగ్గర ఇరుంగట్టుకోటలోను, కోయంబత్తూరు దగ్గరను అందుకై కట్టిన పందెపు బాటలున్నవి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేనుసాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెము జరిగినపుడు బాటకు రెండు ప్రక్కల గోడలు కట్టి, జనమును వెలుపల నుంచిరి. మన బోధను బాటకు గోడలు లేవు. దానిమీద బడిపిల్లలు, పశువులు, ట్రాక్టర్లు గలవు.

ఆ వృద్ధ రైతునకు నా సమాధాన మిది: మీ మనుమని కోరిక తప్పు కాదు. లక్షలకొలది అమ్ముడుపోయి, ఊరూర మరమ్మతు దొరకు తేలికయైన చిన్న కారొకటి కొనుమనుడు. రంగునకు, మ్రోతకు పెట్టదలచిన డబ్బు టైర్లకు, బ్రేకులకు పెట్టుమనుడు. దానిని చక్కగా నడుప నేర్చినవానికి రెండు తలుపుల కారులోని ఆనందములో చాలవరకు దానియందే దొరకును. అంతకుమించి కూపేయే కావలెనన్నచో, కొనుటకు ముందు ఒకసారి మా తమ్మునితో మాటాడుమనుడు. అతడు కార్లను ద్వేషించువాడు కాడు. నేటికిని ఏ పాత బండి కనబడినను కుంటుచు దగ్గరకు పోయి వంగి చూచును. మొదట చూచునది టైర్లనే.