కొలతలకు కుట్టిన ప్రయాణం

మా సందు చివరి దర్జీకి ఇరవై ఏళ్ళుగా ఆది జాకెట్టు ఇస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా అతను చేతులు ఒక వేలెడు పొట్టిగానే కుడుతున్నాడు. అంచేత “మీ కొలతలకు సరిగ్గా కుట్టిస్తాం” అని ఎవరన్నా నాకు ముందు నవ్వొస్తుంది. ఆ మధ్య అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, “వదినా, మా ఇరవై అయిదో పెళ్ళిరోజుకి బ్రెజిల్ వెళ్తున్నాం. టైలర్ మేడ్ టూరు!” అన్నప్పుడూ నవ్వేశాను.

“నవ్వకు వదినా. పదిమందితో బస్సెక్కి తిరగడం కాదు. మన ఇష్టాయిష్టాలు అడిగి మన కోసమే ప్రయాణం తయారు చేస్తారు” అంది.

నిజంగానే అడిగారు. శాకాహారమా, మాంసాహారమా? పరుపు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా? గుర్రం ఎక్కుతారా? పొద్దున్నే కాఫీ ఎన్ని గంటలకు? మా ఆయన పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అడగని ప్రశ్నలన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. అయిదు రాత్రులు పాతకాలపు కాఫీ దొరల మేడల్లో విడిది. ఏ మేడ బావుంటుందో ఎంచి పెట్టమని ఫోటోలన్నీ నాకు పంపింది. “నువ్వు బి.ఏ.లో చరిత్ర చదివావుగా” అన్నది ఆవిడ వాదన. మేం చదివిన చరిత్రలో బ్రెజిల్ ఒక పేరాలో అయిపోయింది. అయినా ఆడపడుచు అడిగితే కాదంటామా? వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

పెద్ద కమతాన్ని అక్కడ ‘ఫజెండా’ అంటారు. రియో డి జనీరో మహానగరానికి వెనక కొండల మధ్య పరాయిబా అనే నది పారుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ లోయంతా కాఫీ తోటలే. ప్రపంచం తాగే కాఫీలో సగం దాకా ఒక్క బ్రెజిల్ నుంచే వెళ్ళిన రోజులవి. అందులో పెద్ద వాటా ఆ లోయది. అక్కడ వసోరాస్ అనే చిన్న ఊరుంది. పోర్చుగీసు భాషలో ఆ మాటకు చీపుళ్ళు అని అర్థం. చీపుళ్ళు కట్టుకునే ఒక రకం పొద ఆ చుట్టుపక్కల విరివిగా పెరిగేదట. ఆ చీపుళ్ళ ఊరే కాఫీ పుణ్యమా అని ‘బారన్‌ల నగరం’ అనిపించుకుంది. చక్రవర్తి రెండో పెద్రో తోటల యజమానులకు బారన్ బిరుదులు ఇచ్చేవాడు. మన రావుబహదూర్లలాగే అనుకోండి.

బ్రెజిల్‌కు కాఫీ వచ్చిన వైనం చెబితే మీకూ సరదాగా ఉంటుంది. 1727లో పల్యేతా అనే సైనికోద్యోగి ఫ్రెంచి గయానా వెళ్ళాడు. కాఫీ గింజను ఆ సరిహద్దు దాటనివ్వరు. ఆయన గవర్నరుగారి భార్యను ఆకట్టుకున్నాడనీ, వీడ్కోలు వేళ ఆవిడ ఇచ్చిన పూలగుత్తిలో మొలకెత్తే గింజలు దాచి ఇచ్చిందనీ కథ. కథే కావచ్చు. కానీ ఆ పూలగుత్తి నుంచి నా స్టీలు గ్లాసులోని కాఫీ దాకా ఆలోచిస్తే ఆవిడ మీద కాస్త అభిమానం కలిగింది.

ఫోటోల్లో మేడలు నిజంగా కన్నుల పండుగే. తెల్లటి గోడలు, నీలం కిటికీలు, వరసగా నాటిన ఎత్తయిన పామ్ చెట్లు, లోపల ఫ్రెంచి అద్దాలు, పింగాణీ, పియానో. ఆ ఇంటిని ‘కాజా గ్రాండి’ అంటారు, అంటే పెద్దిల్లు. మన తాపేశ్వరం కాజాకూ దీనికీ చుట్టరికం లేదు. ఇంటిముందు రాళ్ళు పరిచిన విశాలమైన కళ్ళం. కాఫీ పళ్ళు ఎండబెట్టేది అక్కడే. ఇప్పుడక్కడ గొడుగులు పాతి, బల్లలు వేసి, అతిథులకు ఫలహారాలు పెడుతున్నారు.

ఆ కళ్ళం చుట్టూ ఇంకేముండేదో ఫోటోలో లేదు. పుస్తకంలో ఉంది. కళ్ళానికి మిగతా పక్కల పొడుగ్గా, కిటికీలు లేని పాకలు ఉండేవి. వాటిని ‘సెంజాలా’ అంటారు, బానిసల నివాసాలు. మేడ వరండాలో నిలబడితే కళ్ళం మొత్తం, పాకల తలుపులు మొత్తం ఒక్క చూపులో కనిపించాలి. రాత్రి ఆ తలుపులకు తాళాలు పడేవి. అంత అందంగా కట్టిన వరండా గాలి కోసం మాత్రమే కాదన్నమాట.

ఆఫ్రికా నుంచి బ్రెజిల్ ఒడ్డుకు చేరిన బానిసలు సుమారు 48 లక్షలమంది అని చరిత్రకారుల అంచనా. అమెరికా ఖండాల్లో ఏ దేశానికీ అంతమంది రాలేదు. చట్టాలు ఒక్కొక్కటే వచ్చాయి. 1850లో సముద్రం మీద బానిసల రవాణాను అణచివేశారు. 1871 తర్వాత బానిస తల్లికి పుట్టిన బిడ్డ స్వతంత్రుడన్నారు. చివరికి 1888 మే 13న, తండ్రి విదేశంలో ఉండగా రాజ్యభారం చూస్తున్న రాకుమారి ఇజబెల్, బానిసత్వాన్ని పూర్తిగా రద్దుచేస్తూ సంతకం పెట్టింది. పశ్చిమార్ధగోళంలో అన్ని దేశాలకన్నా ఆఖరున. పోనీ విడుదలైనవాళ్ళకు సెంటు భూమి ఇచ్చారా అంటే అదీ లేదు.

ఈ అంకెలు చదువుతుంటే మనసు మొద్దుబారిపోతుంది. అంకెలంతే. ఒక మనిషి కనిపిస్తే తప్ప మనకు బాధ తెలియదు. నాకు ఆ మనిషి మరియానా క్రియోలా రూపంలో కనిపించింది.

మరియానా కుట్టుపని మనిషి. వసోరాస్ దగ్గర ఒక పెద్ద ఫజెండాలో యజమానురాలికి ఆంతరంగిక పరిచారిక. బట్టలు కుట్టడం, తల దువ్వడం, పక్కనే కనిపెట్టుకుని ఉండడం. పొలంలో ఎండకు మాడేవాళ్ళతో పోలిస్తే ఆవిడది సుఖమైన బతుకనే చెప్పాలి. కానీ 1838 నవంబరులో మేనూల్ కొంగో అనే కమ్మరి ఆధ్వర్యాన కొన్ని వందలమంది బానిసలు తిరగబడి కొండ అడవుల్లోకి పారిపోయినప్పుడు, ఆ సుఖాన్ని వదిలి ఆవిడా వెళ్ళింది. వాళ్ళు మేనూల్‌ను రాజు అనుకున్నారు, మరియానాను రాణి. ఆ రాజ్యం ఎన్నాళ్ళుంటుంది? కొద్దిరోజుల్లోనే తుపాకులు వచ్చాయి. పట్టుబడే వేళ మరియానా కడదాకా ఎదిరించి పోరాడిందని రాశారు. మగవాళ్ళలో కొందరికి ఒక్కొక్కరికి 650 కొరడా దెబ్బలు. మేనూల్‌ను 1839లో వసోరాస్‌లో ఉరి తీశారు. మరియానాను శిక్షించకుండా వదిలారు. బానిసకు విడుదల అంటే ఏముంది, మళ్ళీ యజమాని ఇల్లే కదా!

అక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను. మెత్తటి పనిచేసే మనిషి, మెడలో సూదీ దారం ఉన్న మనిషి, అడవికి ఎందుకు వెళ్ళిందో ఏ ప్రశ్నాపత్రంలోనైనా ఎవరైనా అడిగారా? ఆవిడ కొలతలు ఎవరు తీసుకున్నారు?

అదే ఊళ్ళో ఇంకో స్త్రీ ఉంది. ఆవిడ కథ చెప్పకపోతే నవలలు రాసేదాన్ని నాకే తప్పవుతుంది. పేరు యుఫ్రాజియా టెషైరా లైటి. 1850లో పుట్టింది. తాతలిద్దరూ బారన్‌లు. తండ్రి తోటల యజమానులకు అప్పులిచ్చే ఆసామి. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి తల్లీ తండ్రీ పోయారు. బంధువులు పెళ్ళి చేసి ఆస్తి ఒకరి చేతిలో పెడదామనుకునేలోగా, 1873లో అక్కతో కలిసి ఓడెక్కి పారిస్ వెళ్ళిపోయింది. ఆడది బజారులో బేరమాడితేనే వింతగా చూసే కాలంలో, అక్కడి స్టాక్ మార్కెట్లో పెట్టుబడులు పెట్టి, నానా దేశాల షేర్లు కొని తండ్రి ఆస్తిని ఎన్నో రెట్లు చేసింది.

ప్రేమించింది ఎవరినో తెలుసా? జొవాకిం నబూకోను. బానిసత్వం పోవాలని పార్లమెంటులో, పత్రికల్లో పోరాడిన నాయకుణ్ణి! ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి, పెళ్ళి మాత్రం కాలేదు. ఆయన వేరే పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ చేసుకోలేదు. 1930లో పోతూ ఆస్తిలో చాలాభాగం వసోరాస్‌లోని ఆసుపత్రికి, చదువులకు, బీదలకు రాసింది. గోడల నిండా తీగ అల్లుకున్న ఆవిడ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పారిస్‌లో పేరుమోసిన వర్త్ అనే దర్జీ కంపెనీలో కుట్టించుకున్న గౌన్లు అందులో భద్రంగా ఉన్నాయి.

యుఫ్రాజియాను నేను మెచ్చుకుంటాను. ఆవిడ చేసిన దానం మీద ఇప్పటికీ గౌరవం ఉంది. కానీ అదే ప్రాంతంలో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు తొడుక్కున్న బట్టలు అద్దాల బీరువాలో ఉన్నాయి. ఇంకొకరు కుట్టిన బట్ట ఒక్క పోగు కూడా మనకు మిగల్లేదు. ఆ పట్టుగౌన్ల వెనక ఉన్న మొదటి పెట్టుబడి కూడా ఆ కళ్ళాల మీద ఎండిన కాఫీదే.

సరే, ఆ దర్జా ఎన్నాళ్ళు సాగింది? మూడు తరాలు కూడా సరిగ్గా సాగలేదు. అడవి నరికేశారు. కొండవాలున మొక్కల్ని అడ్డంగా కాక కిందినుంచి పైకి నిలువు వరసల్లో నాటారు. అలాగైతే వరసల మధ్య పనిచేసేవాళ్ళు మేస్త్రీకి బాగా కనిపిస్తారు కదా. వానలకు మన్నంతా ఆ వరసల వెంట జారిపోయింది. మనిషిని కాపలా కాయడానికి వేసిన వరస, భూమినే తినేసింది. బానిసత్వం పోయేనాటికే తోటలు ముసలివయ్యాయి. కాఫీ సావో పావ్లో వైపు వలసపోయింది. ఇక్కడ మిగిలింది గడ్డి, అందులో పశువులు.

పశువులంటే గుర్తొచ్చింది. ఒక ఫోటోలో ఎర్రకొండ వాలున తెల్లటి ఆవులు, ఎత్తయిన మూపురాలు, గంగడోళ్ళు. చూడగానే “ఇవి మా అమ్మమ్మగారి ఊరివి” అని అరిచాను. మా అమ్మమ్మగారి ఊరు ఒంగోలు పక్కనే లెండి. అరిచింది పొరపాటేం కాదు. ఆ రియో ప్రాంతపు రైతే లెమ్‌గ్రూబర్ అనే ఆయన, 1878లో జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో మన ఒంగోలు జాతి జంటను చూసి ముచ్చటపడి తెప్పించుకున్నాడు. నెల్లూరు పేరు మీద అక్కడ వాటిని ‘నెలోరి’ అంటారు. 1960ల మొదట్లో వెళ్ళిన ఒక మేటి ఎద్దు పేరు ‘కర్వాది’, ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే. ఇప్పుడు బ్రెజిల్ మాంసం పశువుల్లో ఎక్కువభాగం ఈ రక్తమే. 2023లో ‘వియాటినా-19’ అనే నెలోరి ఆవుకు కట్టిన వెల మన లెక్కలో 35 కోట్ల రూపాయల పైమాటే. ఆ మేడల ముందు ఎద్దు వంశవృక్షం తాతముత్తాతల దాకా రాసి పెడతారు. కాఫీ కోసినవాళ్ళ వంశవృక్షం మాత్రం అడక్కండి. 1890లో ఒక మంత్రిగారి ఆజ్ఞతో బానిసల రికార్డులే తగలబెట్టించారు.

ఇక ఇప్పటి విడిదుల సంగతి. వారసులు పాత మేడలకు సున్నాలు వేయించి, తోటకూరో జున్నో వడ్డించి, నాలుగు రాళ్ళు సంపాదించుకుంటే తప్పేముంది? ఇల్లు కూలిపోకుండా నిలుస్తుంది. చుట్టుపక్కలవాళ్ళకు పని దొరుకుతుంది. కానీ అదే లోయలో ఒక ఫజెండాలో నల్లజాతి పనివాళ్ళకు బానిసల వేషం వేయించి అతిథులకు వడ్డన చేయించారు, పాతకాలపు రుచి చూపించడానికట. పత్రికల్లో గొడవై, 2017లో ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర ఒప్పందం రాసుకుని మానుకున్నారు. అంటే 1888 తర్వాత 129 ఏళ్ళకు!

ఆ లోయలోనే వలెంసా పక్కన సావో జోసె ద సెర్రా అనే పల్లె ఉంది. బానిసల సంతతివాళ్ళే ఉంటారు. ఇలాంటి పల్లెలకు తమ భూమి మీద హక్కుందని 1988 రాజ్యాంగంలో రాశారు. రాత్రిళ్ళు మంట వేసుకుని, డప్పులు వాయిస్తూ ‘జొంగో’ అనే పాట పాడుతూ ఆడతారు. దొరకు అర్థం కాకుండా మాటలు మార్చి, తమ కష్టం తాము చెప్పుకోవడానికి తోటల్లో పుట్టిన పాట అది. 2005లో దాన్ని బ్రెజిల్ ప్రభుత్వం జాతి వారసత్వంగా గుర్తించింది.

ఇదంతా చెప్పేసరికి మా ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. “అయితే వెళ్ళొద్దంటావా వదినా?” అంది. వెళ్ళమనే అన్నాను. పెళ్ళిరోజు పూట పస్తుండమనడానికి నేనెవర్ని? “కొలతలు అడుగుతున్నారుగా, ఇంకో రెండు ఇవ్వు. సెంజాలా ఎక్కడుండేదో చూపించే మనిషి కావాలని రాయి. వేషాల విందు బదులు ఒక సాయంత్రం ఆ పల్లెకు తీసుకెళ్ళమను” అన్నాను. రాసింది. నాలుగు రోజులకే మార్చిన కాగితం వచ్చింది. మా దర్జీకన్నా నయం.

ఫోన్ పెట్టేశాక మా అమ్మమ్మగారి మండువా లోగిలి కళ్ళముందు మెదిలింది. దాన్ని కూడా విడిదిగా మార్చి అద్దెకిద్దామని మా అన్నయ్య ఈ మధ్య అంటున్నాడు. తాతయ్య ఎడ్లజత పేర్లు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. వాటిని మేపిన పెద్దపాలేరు గొడ్లసావిట్లో పడుకునేవాడు. పెరటి అరుగు మీద, ఎవరూ చూడకుండా ఆకులో అన్నం తినేవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని చెరువుకు తీసుకెళ్ళేవాడు. అతను బానిస కాదు. జీతగాడు. అయినా అతని పేరేమిటి?

అమ్మకు ఫోన్ చేసి అడిగాను. “పెద్దపాలేరు అనేవాళ్ళమే. పేరా? ఇప్పుడెందుకే?” అంది.

రాత్రి పదింటికి అమ్మే మళ్ళీ ఫోన్ చేసింది, గుర్తొచ్చిందని. కాగితం తెచ్చుకుని రాసుకున్నాను. లోగిలికి బోర్డు రాయించేటప్పుడు అన్నయ్యకు ఇవ్వాలి.