తుపాకి ఎప్పుడు జ్ఞాపిక అవుతుంది?

ఉక్కు అనగానే మీకు భిలాయి గుర్తుకు వస్తుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మించిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. అక్కడి ఉక్కు రైలు పట్టాలైంది, యుద్ధనౌక కూడా అయింది. లోహం ఒకటే, దానితో చేసే పనులే వేరు. మరి తుపాకి వంటి ఆయుధం మాజీ సైనికులను గౌరవించే జ్ఞాపికగా ఎలా మారుతుంది?

అమెరికాలో ఇలాంటి జ్ఞాపికలకు ఒక మార్కెట్టే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం యుద్ధాలలో పోరాడినవారి గౌరవార్థం కొన్ని సంస్థలు సైనిక రైఫిళ్ళపై బంగారు పూత పూసి, చిత్రాలు చెక్కి, పరిమిత సంఖ్యలో అమ్ముతాయి. కొన్నవారు వాటిని పేల్చరు. ఒక్కసారి పేల్చినా విలువ తగ్గుతుంది! అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. వించెస్టర్ కంపెనీ తన శతాబ్ది సందర్భంగా 1966లో విడుదల చేసిన జ్ఞాపక రైఫిళ్ళు లక్షకు పైగా తయారయ్యాయి. అందరూ కొని భద్రంగా దాచుకుంటే ఆ వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? పూతలేమీ లేని మామూలు రైఫిల్‌ను ఫలానా సైనికుడు ఫలానా యుద్ధంలో వాడాడని కాగితాల ఆధారం ఉంటే, చరిత్రకారులకు అదే విలువైనది.

దాచడంలోనూ విజ్ఞానశాస్త్రం ఉంది. తుపాకి గొట్టానికి కనిపించే నీలి నలుపు రంగు పెయింటు కాదు. రసాయనిక చర్యతో ఉక్కుపై ఏర్పరచిన మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ పొర అది. ఆ పొరపై నూనె రాస్తేనే తుప్పు నుంచి రక్షణ బాగా ఉంటుంది. మన చేతి చెమటలోని ఉప్పు లోహాన్ని తినేస్తుంది. అందుకే మ్యూజియం సిబ్బంది చేతి తొడుగులు వేసుకుంటారు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకికి లైసెన్సు కావాలి. 2019 సవరణతో సాధారణ లైసెన్సుదారు రెండుకు మించి ఉంచుకోకూడదు. కనుక ఇక్కడ ఇలాంటి జ్ఞాపికలను ఎక్కువగా సైన్యం, మ్యూజియాలు, ప్రభుత్వమే భద్రపరుస్తాయి. వీటిలో అందరికీ తెలిసినది అమర్ జవాన్ జ్యోతి వద్ద ఉంచిన రైఫిల్. 1971 యుద్ధంలో మరణించినవారి స్మృతిగా 1972 జనవరి 26న ఇండియా గేట్ వద్ద తలకిందులుగా నిలిపిన సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ అది. దానిపై ఒక శిరస్త్రాణం ఉంటుంది. సైనికుడు నేలకొరిగిన చోటును ఇలా గుర్తించడం యుద్ధభూమి ఆచారం. ఆ రైఫిల్‌పై బంగారం లేదు, ఎవరి పేరూ లేదు. అందుకే అది అందరిదీ అయింది. 2022లో దానిని జాతీయ యుద్ధ స్మారకానికి తరలించారు.

ఉక్కుకు మరో రకం స్మృతి కూడా ఉంది. 1971 యుద్ధంలో పాల్గొన్న మొదటి విక్రాంత్ నౌకను 1997లో సేవ నుంచి తప్పించారు. కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కుగా అమ్మేశారు. ఆ లోహంలో కొంత 2016లో ఒక మోటారు సైకిల్‌లో చేరింది. జనం దానిని జ్ఞాపికగా కొనుక్కున్నారు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్‌కు భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును అందించాయి. పాత నౌక లోహం కరిగిపోయినా, పేరు కొత్త ఉక్కుపై నిలిచింది.

నౌక పేరును నౌకాదళం నిలబెట్టుకుంది. మరి సైనికుని కథను నిలబెట్టేది ఎవరు? రైఫిల్‌కు నూనె రాస్తే వందేళ్ళు ఉంటుంది. దానిని మోసిన మనిషి జ్ఞాపకానికి అంత ఆయుష్షు లేదు. 1971లో ఇరవై ఏళ్ళున్న సైనికుడు ఇప్పుడు డెబ్బై దాటిన వృద్ధుడు. మీ ఊళ్ళో అలాంటివారుంటే వెళ్ళి కలవండి. ఏ రెజిమెంటు, ఏ సంవత్సరం, ఏ ప్రాంతం అని అడిగి, వారు చెప్పినది తేదీ వేసి రాసుకోండి. ఆ నోటు పుస్తకానికి లైసెన్సు అక్కరలేదు.