జలగ మొదలు మెత్తని రోబో వరకు

చెరువులో నీరు త్రాగ దిగిన పశువును జలగ పట్టినచో మన మెట్టసీమ రైతు దానిని బలవంతముగా పీకడు. చిటికెడు ఉప్పు తెప్పించి పైన చల్లును. జలగ తనంతట పట్టు విడుచును. నందిగామ, జగ్గయ్యపేట పరిసరములను ఎరిగిన మా వంటివారికి ఇది క్రొత్త సంగతి కాదు. శస్త్రచికిత్సలో నేడు రూపుదిద్దుకొనుచున్న సూక్ష్మమైన మెత్తని రోబోలను గూర్చి చెప్పబూని జలగతో మొదలుపెట్టుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. కాని ఈ రెండింటికిని చుట్టరికము కలదు.

సుశ్రుతసంహిత 101 యంత్రములను, 20 శస్త్రములను పేర్కొని, యంత్రములన్నిటిలోను వైద్యుని చేయియే ప్రధానమని చెప్పినది. పసివారికి, కత్తిని చూచి భయపడువారికి అనుశస్త్రములనెడి సాధనములను విధించినది. ఆ సాధనములలో జలగ ఒకటి. విషము గలవి 6, లేనివి 6 అని జలగలను 12 జాతులుగా విభజించి, పట్టిన జలగ విడువనిచో దాని నోటిపై సైంధవలవణపు పొడి చల్లుమన్నది. శరీరముపై ప్రయోగించు మెత్తని సాధనమును పట్టించుట యెట్లో చెప్పిన గ్రంథమే విడిపించుట యెట్లో కూడ చెప్పినది. ఈ రెండవ మాటను మనము జ్ఞాపకముంచుకొనవలెను.

జగ్గయ్యపేట కొండమీది బౌద్ధస్తూపమును జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించి, 1887లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకు వంశజుడైన వీరపురుషదత్తుడు ఏలుచుండగా సిద్ధార్థుడను శిల్పి ఇచ్చట ఆయక స్తంభములు నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. ఆ వంశమువారి రాజధాని నాగార్జునకొండ. అచ్చట దొరకిన ఒక శాసన శకలములో ‘విగతజ్వరాలయము’ అను మాట కనబడినది. జ్వరము విడిచినవారు కోలుకొనుటకై ఏర్పరచిన నెలవు అని పండితులు దానికి అర్థము చెప్పిరి. జ్వరము విడిచినంతనే వైద్యుని బాధ్యత తీరిపోదనియు, రోగి తేరుకొని ఇల్లు చేరవలెననియు నాటివారు గ్రహించినట్లున్నది.

మన పట్టణముల చెంతనుండి పోవు రహదారి పడమటగా హైదరాబాదు చేరును. శస్త్రవైద్యములో క్రొత్త సాధనమును ఎట్లు పరీక్షింపవలెనో తెలుపు చరిత్ర ఆ నగరమున జరిగినది. 1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టిన పిదప, దానివలన కలుగు మరణములకు హేతువు గుండె ఆగుటయా, శ్వాస ఆగుటయా అని వాదము చెలరేగెను. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక పరిశోధక సంఘమును నడిపి, శ్వాసయే ముందు ఆగునని తేల్చెను. లండనులోని వారు నమ్మలేదు. అంతట నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1,000 పౌనులిచ్చి, లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను నిపుణుని 1889లో రప్పించెను. వందలకొద్ది జంతువులపై మరల పరీక్షలు జరిగెను. శ్వాసను కనిపెట్టియున్నచో చాలును, గుండెకు నేరుగా భయము లేదు అని రెండవ సంఘమును తీర్పు చెప్పినది.

వారి పరిశ్రమను శంకింప పనిలేదు. అయినను ఆ తీర్పు నిలువలేదు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, మత్తు తేలికగా ఉన్నపుడు గుండె లయతప్పి కొట్టుకొని అకస్మాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించెను. నిద్రపుచ్చుట విద్యలో సగమే. మేల్కొల్పుట తక్కిన సగము. ఆ రెండవ సగమునకు సంబంధించిన ప్రశ్నలన్నియు అడుగకముందే హైదరాబాదున నిశ్చింత ఏర్పడెను.

ఇక సాధనములు సన్నగిలిన కథ. 1954లో హాప్కిన్స్, మన దేశీయుడైన నరీందర్ సింగ్ కపానీ గాజుపోగుల కట్టద్వారా బొమ్మను వంపులు త్రిప్పి పంపవచ్చునని చూపిరి. 1957లో హిర్షోవిట్జ్ అట్టి పోగులతో కడుపులోనికి చూడగల వంగెడు గొట్టమును నిర్మించెను. 1959 డిసెంబరులో ఫైన్మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తన ఉపన్యాసమున, మింగదగినంత చిన్న శస్త్రవైద్యుని గూర్చి మిత్రుడు హిబ్స్ చెప్పిన ఊహను ప్రస్తావించెను. నాడు అందరును నవ్వియుందురు. 2001లో, మింగుటకు వీలైన కెమెరా మాత్రకు అమెరికాలో అనుమతి లభించినది. అయితే ఆ మాత్ర చూడగలదు గాని పని చేయజాలదు. ప్రేవుల కదలికతో కొట్టుకొనిపోవును.

పనిచేయు సాధనమునకు కదలిక కావలెను. శరీరమునకు గాయము తగులకుండుటకు మెత్తదనము కావలెను. రోబో అను మాటను లోకమునకిచ్చిన కారెల్ చాపెక్ 1920 నాటి నాటకములోని రోబోలు ఇనుపబొమ్మలు కావు, పిండివంటి పదార్థముతో చేయబడినవి. శాస్త్రజ్ఞులు చాలకాలము ఇనుముతో తంటాలుపడి మరల మెత్తని పదార్థమునకే వచ్చిరి.

2016లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థవారు పంది ప్రేవుపొరతో ఒక రోబోను మడచి, మంచుమాత్రలో పెట్టిరి. కృత్రిమముగా చేసిన కడుపులో మంచు కరగగా అది విప్పుకొని, బయటి అయస్కాంతమునకు లోబడి నడచి, అచ్చట ఉంచిన బిళ్ళవంటి చిన్న బ్యాటరీని అంటుకొని కదల్చినది. పసివారు మింగిన అట్టి బ్యాటరీ కొద్ది గంటలలో అన్నవాహికను కాల్చగలదు. గడియారములు, ఆటబొమ్మలు గల ప్రతి యింటిలోను ఈ భయము కలదు. 2018లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో సిట్టి బృందమువారు అయస్కాంతపు రజను కలిపిన సిలికోన్ రబ్బరుతో 3.7 మిల్లీమీటర్ల పొడవుగల పట్టీని చేసిరి. అది ప్రాకును, దొరలును, దుముకును, ఈదును. 2019లో ఎం.ఐ.టి.లోని మరియొక బృందము 0.6 మిల్లీమీటరు కంటె సన్నని దారము వంటి రోబోను మెదడు రక్తనాళముల నమూనాలో అయస్కాంతముతో నడిపినది. 2022లో ఇట్టి తీగను దూరమునుండి నడపు పద్ధతియు చూపబడినది.

ఈ చివరి మాట మన ప్రాంతమునకు ముఖ్యమైనది. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలోని నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను దూరము మారలేదు. మెదడు రక్తనాళములో గడ్డ అడ్డుపడి పక్షవాతము వచ్చినచో ప్రతి నిమిషమును విలువైనదే. రోగి విజయవాడకో హైదరాబాదుకో తరలుచుండగా కాలము గడచిపోవును. నిపుణుడు నగరమున కూర్చుండి చిన్న పట్టణములోని ఆసుపత్రిలో ఆ దారమును నడపగల దినము వచ్చినచో, మిగిలెడిది కొంత సమయము మాత్రమే కాదు; ఒకరి మాట, ఒకరి కాలుచేతుల సత్తువ.

అయినను ఈ విద్య నేటికిని ఎక్కువభాగము ప్రయోగశాలలలోనే ఉన్నది. చీకటి ప్రేవులలో రోబో ఎచ్చటనున్నదో ఎట్లు కనుగొందురు? త్రోవలో చిక్కుకొన్నచో ఎట్లు తీయుదురు? లోపల కరగిపోవుదానిని చేసినచో కరగిన పదార్థము ఏమగును? లోనికి పంపిన వార్త విన్నపుడెల్ల మనమడుగవలసిన ప్రశ్నలివి. హైదరాబాదు సంఘముల చరిత్ర తెలిసినవారికి, జంతువులపై సాధించిన ఒక విజయము తుదితీర్పు కాదని వేరుగ చెప్పనక్కరలేదు. అట్లని క్రొత్తదానిని త్రోసిపుచ్చుటయు తగదు. దోషము బయటపడినదని లోకము మత్తుమందునే మానలేదు. అంతకంటె మేలైన మందును వెదకినది.

ఏనాడైనను మన యింటివారొకరికి వైద్యుడు ఇట్టి సాధనమును సూచించినచో, అది ఎంత చిన్నదియని ఆశ్చర్యపడుటకు ముందు, పని ముగిసిన పిదప అది బయటకు వచ్చు మార్గమేమని అడుగుదము. మన పల్లెలో ఉప్పు చేతబట్టుకొని జలగ ముందు కూర్చుండు రైతుకు ఈ ప్రశ్న ఎప్పుడో తెలియును.