పూలతోటలు పోషించిన నర్సమ్మలు

ఇంగ్లండులో వసంతం మొదలవగానే ఊరి మలుపుల్లో, ఇళ్ళ గేట్లకు పసుపు రంగు బోర్డులు వెలుస్తాయి. ఫలానా ఆదివారం ఈ ఇంటి తోట చూడవచ్చని వాటి కబురు. ఇంటివాళ్ళు పెరటి గేటు తెరిచి, తలకింత అని టికెట్టు పెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళను తమ మొక్కల మధ్య తిరగనిస్తారు. వచ్చిన డబ్బు నర్సింగ్ సేవలకు, క్యాన్సర్ రోగులకు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్‌లకు వెళుతుంది. ఈ ఏర్పాటు పేరు నేషనల్ గార్డెన్ స్కీమ్. దాదాపు నూరేళ్ళుగా నడుస్తోంది. దీని మూలాలు మాత్రం ఒక రోగి మంచం పక్కన ఉన్నాయి.

1859లో లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్ భార్య లుక్రీషియా మంచాన పడింది. ఆమెను ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండడానికి ఆయన మేరీ రాబిన్సన్ అనే నర్సును పెట్టుకున్నాడు. భార్య దక్కలేదు. అన్నీ అమరిన తన ఇంట్లోనే ఆ నర్సు వల్ల ఇంత ఊరట కలిగితే, ఏమీ లేని ఇళ్ళలో జబ్బుపడ్డవాళ్ళ గతి ఏమిటన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. మూడు నెలలకు జీతం మాట్లాడి మేరీనే పేదవాడలకు పంపాడు. నెల తిరిగేసరికి ఆమె ఏడుస్తూ వచ్చేసింది. ఆ దైన్యం తన కళ్ళతో చూడలేనంది. రాత్‌బోన్ నచ్చజెప్పి మళ్ళీ పంపించాడు. గడువు ముగిసే నాటికి ఆమె మనసు మారింది, ఇక ఈ పని తప్ప మరొకటి వద్దంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. మేరీ ఆ రోజు వెనక్కి వెళ్ళకపోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ తర్వాత రాత్‌బోన్ ఫ్లారెన్స్ నైటింగేల్ సలహా తీసుకుని లివర్‌పూల్‌లో నర్సులకు శిక్షణాలయం పెట్టించాడు. ఊరిని 18 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని ఒక్కో నర్సుకు అప్పగించారు. డిస్ట్రిక్ట్ నర్సు అన్న మాట అలా స్థిరపడింది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి దేశంలోని ఆడవాళ్ళు చందాలు పోగుచేసి కానుక ఇస్తే, అందులో 70,000 పౌండ్లు ఆమె ఈ ఇంటింటి నర్సుల కోసమే కేటాయించింది. దాంతో దేశమంతటికీ ఒక నర్సింగ్ సంస్థ ఏర్పడింది.

సంస్థ పెరిగింది, ఖర్చూ పెరిగింది. శిక్షణకు డబ్బు కావాలి, వయసు మళ్ళిన నర్సులకు పెన్షన్ కావాలి. 1925లో ఆ సంస్థ పోషకురాలు అలెగ్జాండ్రా మహారాణి కన్నుమూయడంతో ఆమె పేరిట ఒక నిధి కూడగట్టాలనుకున్నారు. సంస్థ పాలకమండలిలో ఉన్న ఎల్సీ వాగ్ అనే ఆవిడ అప్పుడొక మాట అంది. మన దేశంలో ఇన్ని అందమైన తోటలున్నాయి కదా, వాటిని చూడనిచ్చి మనిషికొక షిల్లింగు తీసుకుంటే పోలేదా అని. చందా అడగనక్కర్లేదు, విందులూ వినోదాలూ ఏర్పాటు చెయ్యనక్కర్లేదు. ఉన్న తోటకు గేటు తెరిస్తే చాలు.

1927లో 609 తోటలు తెరుచుకున్నాయి. అయిదో జార్జి రాజు తన తల్లి అలెగ్జాండ్రా పేరు మీద జరిగే పనికి సాండ్రింగ్‌హామ్ తోటను తెరిపించాడు. 8,191 పౌండ్లు వసూలయ్యాయి. పౌండుకు ఇరవై షిల్లింగుల లెక్కన అవి లక్షా అరవై వేల షిల్లింగుల పైమాట! గొప్పవాళ్ళ తోటలను అంతవరకు ప్రహరీ బయటి నుంచే చూసినవాళ్ళు వాటిలో దర్జాగా నడిచారు. ఒక్క ఏడాదికని మొదలైనది ఇక ఆగలేదు. 1931కల్లా తోటలు వెయ్యి దాటాయి, స్కాట్లండు తన పథకం తాను పెట్టుకుంది. ఏ తోట ఏ రోజున తెరుస్తారో చెప్పే పుస్తకం అట్ట రంగును బట్టి జనం నోట్లో 'ఎల్లో బుక్' అయింది. రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్ 1938లో సిసింగ్‌హర్స్ట్ తోట తెరిచింది. వచ్చినవాళ్ళతో మొక్కల ముచ్చట్లు చెప్పడం ఆమెకు ఎంతో ఇష్టం.

1948లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వచ్చి డిస్ట్రిక్ట్ నర్సులను తనలో కలుపుకుంది. ఇక పథకం అవసరం తీరిందని మూసేసే వీలుంది. మూయలేదు. రిటైరైన నర్సులను ఆదుకోవడం మిగిలే ఉంది. కొంత సొమ్ము నేషనల్ ట్రస్టు చేతిలోని చారిత్రక తోటల బాగుకు ఇవ్వసాగారు, బదులుగా ట్రస్టు కూడా తన తోటలను ఈ పథకానికి తెరిచింది. 1980లో ఇది స్వతంత్ర ధర్మసంస్థ అయింది. తర్వాతి ఏళ్ళలో మాక్‌మిలన్, మేరీ క్యూరీ వంటి క్యాన్సర్ సేవాసంస్థలు సాయం అందుకునేవాటిలో చేరాయి. ఇప్పటివరకు ఇచ్చింది ఏడు కోట్ల పౌండ్లు దాటింది. ఇప్పుడు తెరుచుకునే తోటలు సుమారు 3,500.

వాటిలో రాజభవనాలు కొన్నే. ఎక్కువ భాగం మామూలు ఇళ్ళ పెరళ్ళు. ప్రతి కౌంటీలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ముందుగా వచ్చి చూసి, జనం ముప్పావు గంటసేపు విసుగు లేకుండా తిరగగలరనుకుంటేనే ఒప్పుకోవడం చాలాకాలంగా ఉన్న కొలత. పెరడు మరీ చిన్నదైతే వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే టికెట్టు మీద తెరుస్తారు. పచ్చిక మీద కుర్చీలు వేసి టీ, ఇంట్లో చేసిన కేకులు అమ్ముతారు. విత్తనం వేసి పెంచిన నారు కుండీల్లో ఒక బల్ల మీద ఉంటుంది. డబ్బున్నవాడు చెక్కు రాసివ్వడం తేలిక. ఏళ్ళ తరబడి చేత్తో కలుపు తీసుకున్న చోటికి పరాయివాళ్ళను రానివ్వడం అంత తేలిక కాదు. ఈ దానం విలువ అక్కడుందని నా నమ్మకం.

వేసవిలో బ్రిటన్‌లోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు మనలో ఎందరో. వారమంతా పిల్లలు ఉద్యోగాల్లో ఉంటే వీళ్ళు నాలుగు గోడల మధ్య గడుపుతారు. ఆదివారం దగ్గరలో ఏ తోట తెరిచారో పిల్లల్ని అడిగి కనుక్కుని వెళ్ళండి. మొక్కలు పెంచినవాళ్ళు అక్కడే ఉంటారు. పేరు అడిగితే పేరు, ఎరువు అడిగితే ఎరువు ఓపిగ్గా చెబుతారు. వస్తూ వస్తూ ఒక మొక్క కూడా కొనండి, ఆ డబ్బూ రోగుల సేవకే పోతుంది.