పచ్చబడితే రక్షణ లేనట్టే

మధ్యాహ్నం రెండున్నర. కృష్ణా తీరంలోని ఒక మెడికల్ కాలేజీ, మైక్రోబయాలజీ ల్యాబ్. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి తగలడం లేదు. ఏసీ ఉన్నది లోపలి గదిలో, అదీ మనుషుల కోసం కాదు, కిట్ల కోసం. మీరు తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నారు. బల్ల చుట్టూ రెండో సంవత్సరం ఎంబీబీఎస్ పిల్లలు. పొద్దున వాళ్ల దగ్గరే తలా కాస్త రక్తం తీశారు. అది గడ్డకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిరిగి, పైకి తేలిన సీరం ఇప్పుడు 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులోకి చేరింది. వెతుకుతున్నది హెపటైటిస్ ఏ వైరస్‌కు విరుగుడుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను.

"అన్నా, నాది ఏ గుంట?"

"చెయ్యి పెట్టకమ్మా, కలుషితమైపోద్ది. రెండో వరుసలో నాలుగోది నీది," అన్నాడు టెక్నీషియన్, పిపెట్ మీంచి కళ్లు తిప్పకుండా.

37 డిగ్రీల దగ్గర ఉంచడం, కడగడం, మళ్లీ కడగడం. ఎలైజా అనే ఈ పరీక్షలో సగం పని కడగడమే. చివరగా రంగు తేలే ద్రవం పోసి ప్లేటును చీకట్లో పెట్టాడు. కాసేపటికి బయటికి తీస్తే కొన్ని గుంటల్లో నీలం పాకుతోంది. యాసిడ్ చుక్క పడగానే ఆ నీలం ఒక్కసారిగా పసుపు పచ్చగా మారింది. మిగతావి నీళ్లలా తేటగా ఉండిపోయాయి.

పచ్చబడిన గుంట తనదేనని తేలిన కూకట్‌పల్లి కుర్రాడు చెయ్యి పైకెత్తాడు. "పాజిటివ్ మేడమ్! నాకు ఇమ్యూనిటీ ఉంది!"

"లేదు నాన్నా," అంది ప్రొఫెసర్. "ఇది కాంపిటీటివ్ ఎలైజా. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారే, అట్లా. నీ ఒంట్లో యాంటీబాడీలుంటే అవే ముందు వెళ్లి సీట్లు ఆపేస్తాయి. కిట్‌లోని రంగు తెచ్చే యాంటీబాడీలకు చోటుండదు, రంగు రాదు. నీ గుంట పచ్చబడిందంటే సీట్లన్నీ ఖాళీ. రేపు కామెర్లు రావడానికి నీలో ఏ అడ్డూ లేదు."

చెయ్యి దిగిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వినవాడి గుంటా పచ్చగానే ఉంది.

తేటగా మిగిలిన రెండో వరుస నాలుగో గుంట పల్నాడు పల్లె నుంచి వచ్చిన అమ్మాయిది. ఆమెకు నమ్మకం కుదరడం లేదు. "నాకు కామెర్లు ఎప్పుడూ రాలేదు మేడమ్. టీకా కూడా వేయించుకోలేదు."

"ఏ నాలుగేళ్లప్పుడో వచ్చి ఉంటుందమ్మా. రెండు రోజులు జ్వరం, కాస్త వాంతులు, అంతే. మీ అమ్మ ఎండదెబ్బ అనుకొని ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లల్లో ఎక్కువ మందికి కళ్లు పచ్చబడవు. కానీ వచ్చిన యాంటీబాడీలు మాత్రం జీవితాంతం ఉంటాయి."

"మా ఇంట్లో ముందునుంచీ ఆర్‌వో నీళ్లే," అన్నాడు కూకట్‌పల్లి కుర్రాడు తనను తాను సమర్థించుకుంటున్నట్టు. "ఇంటర్ హాస్టల్లో కూడా క్యాన్ నీళ్లే మేడమ్."

"అందుకే మరి."

ఆ మాటను ఆవిడ తేలిగ్గా అనేసింది గానీ, దాని వెనక మూడు నాలుగు దశాబ్దాల లెక్క ఉంది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో విద్యా అరంకల్లే బృందం 1982-98 మధ్య ఇదే యాంటీబాడీ కోసం జనం రక్తాన్ని పరీక్షిస్తూ వచ్చింది. పల్లెల్లో పిల్లలు చిన్నతనంలోనే ఈ వైరస్‌ను దాటేస్తున్నారు. నగరాల్లో కలిగిన కుటుంబాల్లో మాత్రం ఆ రక్షణ తగ్గుతూ పోయింది. మెడికల్ సీటు దాకా వచ్చేవాళ్లలో రెండో రకం ఇళ్ల పిల్లలు ఎంతమందో విడిగా చెప్పక్కర్లేదు. శుభ్రమైన నీళ్లు తాగడం తప్పు కాదు. చిక్కల్లా ఏమిటంటే, శుభ్రత ఇంట్లోకి వచ్చింది గానీ ఊరి పైపుల్లోకి, మెస్సుల్లోకి, రోడ్డు పక్క చట్నీలోకి ఇంకా పూర్తిగా రాలేదు. నాలుగేళ్లప్పుడు తప్పించుకున్న వైరస్ ఇరవయ్యో ఏట ఎదురవుతుంది. అప్పుడది పిల్లల జబ్బులా పోదు. పెద్దవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా కామెర్లు బయటపడతాయి.

షాంఘైలో 1988లో సరిగా ఉడకని ఆల్చిప్పలు తిని మూడు లక్షల మంది దాకా ఈ జబ్బున పడ్డారు. వాళ్లలో ఎక్కువ మంది యువతే.

సాయంత్రం మెస్సుకు వెళదాం. ప్లేట్ల చప్పుడు, సాంబారు ఆవిరి, గుమ్మం దగ్గర గోడకు శానిటైజర్ సీసా. కుర్రాళ్లు రెండు చుక్కలు రుద్దుకుని లోపలికి పోతున్నారు. హెపటైటిస్ ఏ వైరస్‌కు కొవ్వు పొర ఉండదు. అందుకే ఆల్కహాల్‌కు అది అంత తేలిగ్గా లొంగదు, సబ్బూ ధారగా పడే నీళ్లూ కావాలి. ఈ సంగతి పరీక్షలో అడిగితే వీళ్లంతా రాసేస్తారు. సింకు దగ్గర సబ్బు మాత్రం లేదు.

కిటికీ పక్క బల్ల దగ్గర హౌస్‌సర్జన్ ఒకడు జూనియర్లకు తన కథ చెబుతున్నాడు. అతనికి ఫైనలియర్‌లో వచ్చింది. "ముందు తిండి మీద అసహ్యం పుట్టింది రా. తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. మూత్రం ముదురు రంగులో పోతుంటే నీళ్లు తక్కువ తాగానేమో అనుకున్నా. నాలుగో రోజు వార్డులో పేషెంటు వాళ్ల అమ్మ నా మొహం చూసి, 'డాక్టరు బాబూ, మీ కళ్లు పచ్చగా ఉన్నాయి' అంది."

"మరి మందు?"

"మందేముంది? రెస్టు, తిండి. ఊరెళితే నాయనమ్మ పసరు పోయించింది. ఉప్పు లేని పత్యం నెల రోజులు. బిలిరుబిన్ దిగింది. ఆవిడ ఇప్పటికీ పసరు వల్లే తగ్గిందంటుంది."

పసరుకు అంత మంచి పేరు ఎలా వచ్చిందో ఈ జబ్బు నడక చూస్తే తెలుస్తుంది. హెపటైటిస్ ఏ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది, దీర్ఘకాలిక జబ్బుగా మిగలదు. తగ్గే వేళకు మంచం పక్కన ఏ సీసా ఉంటే దానికే ఘనత. నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఆ ఒకరి దగ్గర పసరు కోసం తిరిగిన రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

హౌస్‌సర్జన్ చెప్పనిది ఇంకొకటుంది. కళ్లు పచ్చబడటానికి ముందు రెండు వారాల్లోనే మలంలో వైరస్ ఎక్కువగా పోతుంది. అంటే ఈ మెస్సులోనే అందరితో కలిసి తింటూ, ఇదే కూలర్ దగ్గర గ్లాసు ముంచుతూ తిరిగినప్పుడు. అతనికి ఎక్కడ అంటిందో ఎలా తెలుస్తుంది? వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజుల్లో ఎప్పుడైనా జబ్బు బయటపడొచ్చు. నెల కిందట ఎక్కడ ఏం తిన్నావంటే ఏ విద్యార్థి చెప్పగలడు?

మర్నాడు ప్రొఫెసర్ గదిలో లెక్కలు నడుస్తున్నాయి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ అందరికీ పూర్తయ్యాయి. సూది గుచ్చుకుంటుందనే భయం ఉంది కాబట్టి దాని సంగతి అందరూ అడుగుతారు. హెపటైటిస్ ఏ టీకా మాత్రం ప్రభుత్వ సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. పిల్లల వైద్యుల సంఘం సిఫారసు చేస్తుంది గానీ డబ్బు పెట్టుకోగలిగినవాళ్లే వేయించుకుంటారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునాలాజికల్స్ 2024లో 'హవిష్యూర్' పేరుతో దేశీయంగా తయారుచేసిన టీకా తెచ్చాక దిగుమతి సరుకు మీదే ఆధారపడే అవసరం తగ్గింది. ఆరు నెలల ఎడంతో రెండు డోసులు.

"అందరికీ వేసేద్దామా, టెస్టు చేసి లేనివాళ్లకే వేద్దామా?" అడిగింది అసిస్టెంట్ ప్రొఫెసర్.

"ఎక్కువ మందికి ఇమ్యూనిటీ ఉంటే టెస్టు చేయడం లాభం, టీకాలు మిగులుతాయి. లేనివాళ్లే ఎక్కువైతే టెస్టు ఖర్చు దండగ, నేరుగా పొడిచేయడమే. నిన్నటి ప్లేటు చూశావుగా. వచ్చే బ్యాచ్‌కి టెస్టు వద్దు."

గుమ్మంలో పల్నాడు అమ్మాయి రికార్డు సంతకం కోసం నిలబడి ఉంది. "మేడమ్, మెస్సులో వండేవాళ్లకి కూడా వేయిస్తారా?"

"వాళ్లు కాంట్రాక్టరు మనుషులమ్మా. మన లిస్టులోకి రారు."

"కానీ అన్నం వడ్డించేది వాళ్లే కదా మేడమ్."

ప్రొఫెసర్ రికార్డు మీద సంతకం పెట్టి వెనక్కి ఇచ్చింది. తర్వాత కాయితం తీసి, ప్రిన్సిపాల్‌కి రాయబోయే లేఖలో విద్యార్థుల సంఖ్య కింద ఇంకో వరుస చేర్చి, "ఎంతమంది ఉంటారు వాళ్లు?" అని అడిగింది. ఆ గదిలో ఎవరికీ తెలియదు.