బేగంబజార్‌లో మాయాబజార్ గొడవ

బేగంబజార్‌లో స్టీలు గిన్నెలు బేరమాడుతూ కూడా మా ఆఫీసు బ్యాచ్‌కి ఒకటే గొడవ: రాజమౌళి మహాభారతం తీస్తే కృష్ణుడెవరు, కర్ణుడెవరు అని. ఇది కొత్త గొడవేం కాదు లెండి. 1954లో 'ఇద్దరు పెళ్ళాలు'లో ఎన్టీఆర్ కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. అప్పుడు నిర్ణయం జనానికే వదిలేసి ఉంటే ఆ వేషం ఆయనకి మళ్ళీ దక్కేదే కాదు. 1957లో కె.వి.రెడ్డి 'మాయాబజార్'లో ఆయన్నే కృష్ణుణ్ణి చేశారు. ఆ తర్వాత కృష్ణుడంటే చాలామందికి ఆయన మొహమే!

1977 సంక్రాంతికి పోటీ కూడా చూశాం. 'కురుక్షేత్రం'లో శోభన్‌బాబు కృష్ణుడు. అదే రోజు వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఎన్టీఆరే. నెగ్గింది రెండోదే.

నా మటుకు నాకు అనిపించేది, మన జాబితాలన్నీ ఇప్పటికే చూసేసిన మొహాలతోనే తయారవుతాయి. చూడని కృష్ణుణ్ణి ముందే ఊహించడం దర్శకుడి పని. ఆ ఒక్క వేషం ఖాళీగా వదిలేద్దాం, ఏమంటారు?