బ్రేకు అరుపు వెనక ఉన్న చరిత్ర

ఈ మధ్య మన లాల్‌పేట్ కుర్రాళ్ళు ఫోన్‌లో వీడియోలు చూసి కారు బ్రేక్ ప్యాడ్లు ఇంటి ముందరే సొంతంగా మార్చుకుంటున్నారు. మంచిదే, మెకానిక్ కూలి మిగులుతుంది. కానీ మార్చిన మర్నాడే బండి కీచుమంటుంటే ఒక అబ్బాయి డిస్కు మీద రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేయబోయాడు. తలుపు కీచుమంటే బందుకి నూనె వేస్తాం కదా, అదే లెక్క అనుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆపారు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

సొంతంగా బ్రేకు బాగుచేసుకోవడం కొత్త పని కాదు, కారు పుట్టినప్పుడే మొదలైంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త తయారుచేసిన మూడు చక్రాల బండిని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా తోలుకుపోయింది. సుమారు 100 కిలోమీటర్లు. మనకి నాగపూర్ 150 ఉంటుంది, పోల్చుకోండి. దిగుడు దారుల్లో బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాళ్ళ చేత వాటి మీద తోలు కొట్టించింది. ప్రపంచంలో మొదటి బ్రేక్ లైనింగ్ అదేనంటారు. అంటే మొదటి బ్రేకు మెకానిక్ ఒక మోచీ అన్నమాట!

ఇంగ్లాండులోనూ గుర్రబ్బండ్ల వాళ్ళు బ్రేకు చెక్కకి పాత బూట్లు తొడగడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన చూశాడు. 1897లో బ్రేకుకి వేసే మెత్తని పట్టీలు తయారుచేసే పని మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ అలా పుట్టింది. 1902లో బర్మింగ్‌హామ్‌లో లాంచెస్టర్ అనే ఇంజనీరు డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన చాలా గొప్పది. కానీ ఇనప డిస్కుని రాగి ప్యాడ్లతో పట్టించాడు. బ్రేకు వేస్తే చెవులు చిల్లులు పడే కూత. తర్వాత కొన్నేళ్ళకి ఫ్రూడే ఆ ప్యాడ్లకి రాతినార, అంటే మన ఇళ్ళ పైకప్పు రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్, వాడి ఆ కూతని తగ్గించాడు.

ఆ నిశ్శబ్దానికి ధర వేరేవాళ్ళు కట్టారు. ఆ దుమ్ము పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు పాడయ్యాయి. బ్రిటన్ 1999లో దాన్ని పూర్తిగా నిషేధించింది. మన దేశంలో దాని దిగుమతి ఆగలేదు. బొగ్గు గనుల ఊళ్ళో ఉన్నవాళ్ళకి దుమ్ము సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ బ్రేకు డ్రమ్ము విప్పి నోటితో ఉఫ్ అని ఊదే అలవాటు ఇంకా పోలేదు. తడిగుడ్డతో తుడవండి, ఊదకండి.

మన దేశంలో బ్రేకుల తయారీకి పేరున్న బ్రేక్స్ ఇండియా 1962లో మద్రాసు పాడిలో మొదలైంది. తమిళ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, పాడి అంటే పాడి గేదె కాదు, అక్కడ ఒక పేట.

ఇక నాకు బాగా నచ్చిన విషయం. ఇన్నేళ్ళు అరుపు ఆపడానికి తంటాలు పడిన ఇంజనీర్లే తర్వాత కావాలని ఒక అరుపు పెట్టారు. చాలా ప్యాడ్లకి చిన్న స్టీలు నాలుక ఉంటుంది. ప్యాడు అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చేసరికి అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. నన్ను మార్చు అని చెప్పడమే దాని ఉద్యోగం. కొత్త ప్యాడు బిగించేటప్పుడు ఆ నాలుక వంగినా, ప్యాడు అటుది ఇటు పెట్టినా మొదటి రోజు నుంచే అరుస్తుంది.

రైల్వేలో చప్పుడు వినడమే ఒక డ్యూటీ. బల్లార్షాలో బండి ప్లాట్‌ఫారం మీదకి వస్తుంటే క్యారేజ్ అండ్ వ్యాగన్ వాళ్ళు రెండు పక్కలా నిలబడి వినేవాళ్ళు. బ్రేకు పట్టేసి చక్రం ఈడ్చుకుపోతే ఒకచోట చదునవుతుంది, అది టక్ టక్ టక్ అని తాళం వేసినట్టు వినిపిస్తుంది. సుత్తితో తడితే మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులు ఉంటే బద్దలైన కుండలా పలుకుతుంది. నేను గుమాస్తాగా కాగితాల మధ్య కూర్చున్నా ఆ తేడా తెలిసిపోయేది.

కారుకీ ఇదే పద్ధతి. చక్రం తిరిగే లెక్కన సర్ సర్ అని గీరుతుంటే, డిస్కు వెనక రేకు మీరు విప్పేటప్పుడు వంగి ఉంటుంది, లేదా గులకరాయి ఇరుక్కుని ఉంటుంది. మన బొగ్గు లారీల రోడ్లమీద అది మామూలే. గుంతలో కటక్ కటక్ అంటే ప్యాడు చివర్ల సన్నని క్లిప్పులు పెట్టడం మరిచారేమో, క్యాలిపర్ బోల్టు వదులేమో. చక్రం నట్లు కూడా చూడండి, ఇది ముందు చూడాలి. రివర్స్ తీశాక మొదటి బ్రేకుకి ఒక్కసారి టక్ అంటే చాలావరకు ప్యాడు తన గూట్లో సర్దుకోవడమే. గరగరమని ఇనుము ఇనుముతో రాసుకుంటే మాత్రం బండి కదపొద్దు. ప్యాడు తిరగేసి, ఇనప వీపు డిస్కువైపు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

సన్నటి కీచు వేరు. ఫిడేలు కమాను తీగని పట్టి వదిలినట్టు, ప్యాడు డిస్కుని సెకనుకి వేల సార్లు పట్టి వదులుతుంది. కొత్త ప్యాడు డిస్కుకి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద యాభై స్పీడు నుంచి పదిహేనుకి మెల్లగా ఒక పదిసార్లు తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి. గ్రీజు ప్యాడు వీపుకి, జారే పిన్నులకి మాత్రమే, అదీ బ్రేకుల కోసం అమ్మేదే. మామూలు గ్రీజు పెడితే పిన్నుల రబ్బరు ఉబ్బిపోతుంది.

డిస్కు మీద ఆయిల్ పడితే బ్రేక్ క్లీనర్‌తో కడగొచ్చు. ప్యాడు పీల్చుకుంటే కడిగినా పోదు, రెండు చక్రాలవీ కలిపి కొత్తవి వేయాలి. ప్యాడ్లు మార్చాక స్టార్ట్ చేసి వెంటనే గేరు వేయకండి. పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. పిస్టన్‌ని మీరే వెనక్కి నెట్టారు కదా, అది ముందుకి వచ్చేదాకా బ్రేకు ఉండదు.